కుండను చూసి నేర్చుకున్న పెట్టె

పోయిన డిసెంబరు, జనవరి నెలల్లో కడప జిల్లాలో వాన చుక్క లేదు. తోటలో మోటారు ఆడలేదు. అయినా చీనీ చెట్ల కింద నేల రోజూ తడిగానే ఉంది. ఇది మీరు నమ్ముతారా? మా ఆఫీసులో అందరూ నమ్మారు. నేను నమ్మలేదు. ఈ ప్రయాణానికి అదే కారణం.

మా పనేమిటో ముందు చెప్పాలి. విజయవాడలో మాదొక చిన్న సంస్థ. కంపెనీలు తయారుచేసే యంత్రాలూ, ఫోన్లలో నడిచే సేవలూ ఎన్నాళ్లు నిలుస్తాయి, ఎంత కరెంటు తింటాయి, నేలకూ నీళ్లకూ ఎంత భారం, చెడిపోతే బాగుచేసుకోవచ్చా అని చూసి మార్కులు వేస్తాం. మార్కులు నిండుగా వస్తే ఆ వస్తువు మీద ఆకుపచ్చ ముద్ర పడుతుంది. ఆ ముద్ర కోసం ఒక కంపెనీ తోటలకు నీళ్లు పెట్టే పెట్టెను పంపింది. దానికొక పొడుగాటి సూది ఉంటుంది. సూదిని చెట్టు మొదట్లో గుచ్చితే నేల తడి చూసి, ఆరితేనే మోటారును ఆడిస్తుంది, చాలనుకుంటే ఆపేస్తుంది. లెక్కలన్నీ ఎక్కడో ఉన్న కంపెనీ కంప్యూటరుకు పోతాయి. పులివెందుల వైపు మేం నమూనాగా ఎంచుకున్న తోటల లెక్కలు చూసి మా పెద్దాయన మురిసిపోయారు. ఇంత తక్కువ నీళ్లతో ఇంత తడి ఆయన ఎక్కడా చూడలేదట. నేనూ చూడలేదు, అందుకే అనుమానం వచ్చింది. వెళ్లి చూసొస్తానంటే ఆయన మొహం చిట్లించుకుని సెలవిచ్చారు.

గుంటూరు, నంద్యాల మీదుగా పోయే బండిలో స్లీపర్ టికెట్ దొరికింది. తెల్లారి లేచేసరికి కిటికీ బయట నాపరాళ్ల గుట్టలు. ఎదురు బెర్తులో చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే ఆయన తల దువ్వుకుంటూ గండికోటకా అని అడిగాడు. కాదండీ, చీనీతోటలు చూడ్డానికి అన్నాను. మా వైపు బత్తాయి అంటాం, ఇక్కడ చీనీ. ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"తోటలు చూసేకి ఇంత దూరం యాల మేడం? కాయలు మీ బెజవాడకే వస్తాయి గదా" అన్నాడు.

ఎర్రగుంట్లలో దిగేసరికి ఆరూ నలభై. స్టేషన్ బయట ఆటోవాళ్లు కూడా గండికోట అనే అరుస్తున్నారు. భుజానికి సంచీ, నెత్తిన టోపీ ఉంటే చాలు, ఈ దారిలో మీరెవరైనా గండికోటకే పోతున్నట్టు లెక్క. బస్టాండుకు నడిచి ప్రొద్దుటూరు బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్టు చింపి ఇస్తారు, కార్డు మరిచిపోకండి. పెన్న వంతెన దాటుతుంటే కింద ఇసుకా, కంపచెట్లూ తప్ప నీళ్లు కనబడలేదు. అరగంటలో ప్రొద్దుటూరు.

బస్టాండు దగ్గర లాడ్జిలో ఒక గది గంట సేపటికి ఇచ్చారు. స్నానం చేసి కింది హోటల్లో బొరుగుల ఉగ్గాణి, బజ్జీ తిన్నాను. తర్వాత కారం దోశ చెప్పాను. అది అలవాటు లేని నాలుక్కి కాదు. కళ్లమ్మట నీళ్లు కారుతుంటే వడ్డించే మనిషి అడక్కుండానే మజ్జిగ తెచ్చి పెట్టాడు. తిండి విషయంలో ఈ ఊరికి నేను వంద మార్కులు వేస్తాను.

పెట్టెలు అమ్మే షాపు మెయిన్ బజారు వెనక వీధిలో ఉంది. మోటార్లు, పైపులు అమ్మే ఈ షాపు సుబ్బరత్నం శెట్టిగారిది. వాళ్ల అన్నదమ్ముల్లో ఒకరిది బట్టల కొట్టు, ఒకరిది బంగారం కొట్టు. పదింటికి పూజ ముగించి, అగరొత్తి గల్లాపెట్టె చుట్టూ తిప్పి, నాకు కుర్చీ వేయించారు. పెట్టె మీద ఒక్క కంప్లెయింటు కూడా లేదని మూడుసార్లు చెప్పారు. అమ్మినవి ఒక్కటీ వెనక్కి రాలేదన్నారు. నేను మార్కులు వేసే మనిషినని ఆయనకు చెప్పలేదు, తోటలు చూసి రాసుకునే పని మీద వచ్చానని మాత్రమే అన్నాను. మా పద్ధతి అది. ఆయన నన్ను కంపెనీ మనిషి అనుకున్నారు, నేను కాదనలేదు.

పెట్టెలు పేర్చిన అరల పక్కనే వరసగా చిన్న మట్టికుండలు ఉన్నాయి. ఒక్కోదానికి పక్కన గుండ్రంగా, నీటుగా ఒక బెజ్జం. పూలమొక్కలకు కాబోలు అనుకున్నాను. మోటార్ల షాపులో పూలకుండీలు ఏమిటని అడిగే తెలివి ఆ క్షణాన నాకు లేదు.

తోటలు చూపించడానికి శెట్టిగారు మహబూబ్ బాషాను నాతో పంపారు. ముప్పై అయిదేళ్లుంటాయి. కువైట్‌లో ఏసీలు బిగించి, తిరిగొచ్చి ఇప్పుడు ఈ పెట్టెలు బిగిస్తున్నాడు. బైకు మీద పోదామన్నాడు. నా నడుము సంగతి నాకు తెలుసు కాబట్టి బస్సే అన్నాను. పన్నెండింటి జమ్మలమడుగు బస్సులో నాకు సున్నా టికెట్టు, అతనికి డబ్బులు పెట్టి టికెట్టు కొట్టారు. "ఆడోళ్లకు ఫ్రీ, మాకు మాత్రం దుడ్లు. రేపటి నుంచి బురఖా ఏసుకొని వస్తా మేడం" అంటే కండక్టరు కూడా నవ్వాడు.

జమ్మలమడుగు బయట ఓబుల్ రెడ్డి గారి తోట. డెబ్బై ఏళ్ల పెద్దమనిషి, చెవులకు పోగులు. మంచం వాల్చి, చెనక్కాయలు ఉడకబెట్టి పెట్టారు. పెట్టె ఎలా ఉందంటే శానా బాగుందన్నారు. సూది ఎక్కడ గుచ్చారో చూపించమన్నాను. తోట వైపు నడవబోతుంటే ఆయన ఇంటి వసారా వైపు నడిచారు. బాషా దగ్గాడు.

వసారాలో, తులసికోట పక్కన, ప్రొద్దుటూరు షాపులో చూసిన కుండే. దాని నిండా బురదమట్టి. బెజ్జంలోంచి సూది లోపలికి దిగి ఉంది. దాని తీగ కిటికీ చువ్వల మీదుగా తోటలోకి పోయింది. ఆయన కోడలు తులసికి పోసిన చెంబులో మిగిలిన నీళ్లు ఆ కుండలో పోసి, కొంగుతో చేయి తుడుచుకుని లోపలికి వెళ్లింది.

మా ఆఫీసంతా మురిసిపోయిన తడి ఇలాంటిదే. రంగురంగుల గీతలు గీసి గోడకు అంటించుకున్న తడి. ఒక తోట తడి అనుకున్నది ఒక కుండ తడి! ఏమిటండీ ఇది, ఎవరు చెప్పారు ఇట్లా పెట్టమని అని గట్టిగానే అడిగాను. పెద్దాయన నొచ్చుకోలేదు, నన్ను కూర్చోమన్నారు.

చీనీ చెట్టు పూయాలంటే దానికి బెట్ట పెట్టాలట. అంటే చలికాలంలో నెలన్నర, రెండు నెలలు నీళ్లు పూర్తిగా ఆపేసి ఎండగట్టాలి. ఆకు వాడి, కొంత రాలి, చెట్టు ఇంక అయిపోతుందేమో అన్నప్పుడు నీళ్లు వదిలితే ఒళ్లంతా పూత పడుతుంది. ఈ వైపు అందరూ చేసేది అదే. పెట్టెకు అది తెలియదు. నేల ఆరిందంటే చాలు, మోటారు వేసేస్తుంది. మొదటి ఏడు వేసేసింది, కాపు పోయింది. రెండో ఏడు ఎవరికో ఈ ఉపాయం తట్టింది. ఆ తర్వాత ఊరూరా పాకింది.

"అదేం అబద్ధం గాదు మేడం. డబ్బాకు తడి గావాల, చెట్టుకు ఎండ గావాల. ఇద్దరికీ కావాల్సింది ఇచ్చినాం" అన్నారు పెద్దాయన.

బెట్ట ముగిశాక సూదిని చెట్టు మొదట్లో పెట్టేస్తారా అంటే, ఆయన కుండను ఒక చూపు చూసి, మళ్లీ తీయడమెందుకులే అని ఉంచేశానన్నారు. నీళ్లు కావాలంటే పెట్టె పక్కన చేతి స్విచ్చి ఉంది, నొక్కుకుంటారు. అంటే పెట్టె గోడకు వేలాడుతున్న బొమ్మ. తోటను మునుపటిలాగే మనిషి చూసుకుంటున్నాడు. ఎంత నీళ్లు వాడుతున్నాడో ఎవరికీ తెలియదు. కుండలకు బెజ్జం కొట్టేది ఎవరని బాషాను అడిగాను. నేనే అన్నాడు, శెట్టిగారు డబ్బాతో పాటు ఊరికే ఇస్తారన్నాడు. కుండ ఇవ్వకపోతే డబ్బా అమ్ముడుపోదట.

ఆ రాత్రి జమ్మలమడుగు బస్టాండు ఎదురు లాడ్జిలో బస. గది శుభ్రంగానే ఉంది, ఫ్యాను చప్పుడు మాత్రం వంద మందిది. కోపమో, నవ్వో తెలియని స్థితిలో రాగిసంగటి, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి తిని పడుకున్నాను. పొద్దున ఒక ముక్క రాసేసి ఈ కథ ముగిద్దామనే అనుకున్నాను. లెక్కలు తప్పు, ముద్ర ఇవ్వం, అంతే. అసలుది ఇంకా చూడలేదు.

ఆరింటికి ముద్దనూరు మీదుగా పులివెందుల బస్సు. బాషా ముందే వచ్చి సీటు మీద తువ్వాలు వేసి ఉంచాడు. పక్క సీటులో అరటిగెలల వ్యాపారం చేసే ఆవిడ పులివెందుల దాకా తన ముగ్గురు ఆడపడుచుల మీద నాకు ఫిర్యాదు చేసింది. నేనేం తీర్పు చెప్పకుండానే దిగేటప్పుడు రెండు అరటిపళ్లు చేతిలో పెట్టింది. ఎనిమిది దాటాక పులివెందుల. ఇడ్లీ తిని, సింహాద్రిపురం రోడ్డులో ఒక పల్లెకు ఆటో మాట్లాడుకున్నాం.

మా నమూనా జాబితాలో ఉన్న తోట ఇది. యజమాని లక్ష్మీదేవమ్మ. యాభై దాటిన మనిషి, మాట కటువు, చేతులు అంతకంటే కటువు. ఆమె భర్త నీళ్ల ట్యాంకరు కోసం పొద్దున్నే పోయాడట. చీనీతోటకు సోలారు మోటారు ఉండగా ట్యాంకరు ఎందుకు అనుకుంటూ లోపలికి నడిచాను. నాలుగు చెట్లు దాటి ఆగిపోయాను.

ఆకులన్నీ దోనెల్లా ముడుచుకుపోయి ఉన్నాయి. చెట్ల కింద గోళీలంత పిందె, నేల కనిపించకుండా రాలి ఉంది. కాలు ఎక్కడ పెట్టినా చిట్లుతోంది. నెర్రెల్లో నా చెప్పు అంచు దిగింది. తోట చివర వరస చెట్లు కొమ్మల దాకా బూడిద రంగుకు తిరిగాయి. ఇది బెట్ట కాదని నాలాంటి దానికి కూడా అర్థమైంది. ఇది చావు.

ఏం జరిగిందో బాషా చెప్పాడు. లక్ష్మీదేవమ్మ పెట్టింది కూడా కుండలోనే. ఓబుల్ రెడ్డి గారిలా కాక బెట్ట ముగియగానే ఈమె బుద్ధిగా సూదిని తెచ్చి చెట్టు మొదట్లో గుచ్చింది. కానీ ఈమెది కొత్త రకం పెట్టె. సూది చెప్పిందొక్కటే కాకుండా, పోయిన నెలల లెక్కలు చూసి తోట తీరు తనే నేర్చుకుంటుంది. రెండు నెలలు అది చూసిందేమిటి? కుండ. పూటకో చెంబు నీళ్లతో ఈ తోట హాయిగా బతుకుతుందని నేర్చుకుంది. అందుకే రోజుకు కాసేపు మోటారు ఆడించి ఆపేస్తోంది. నేల ఆరిందని నమ్మించడానికి సూదిని వేడి ఇసుకలో గుచ్చి చూశారు. పెట్టె సూదే చెడిపోయిందని ఫోనుకు మెసేజి పంపి ఊరుకుంది. తను నేర్చుకున్నదే దానికి నిజం.

చేతి స్విచ్చి నొక్కండి అన్నాను. కొత్త దానికి చేతి స్విచ్చి లేదన్నాడు. ఎందుకు లేదో నాకు తెలుసు. మనిషి చేయి పెడితే నీళ్లు వృథా అవుతాయని, స్విచ్చి లేకపోతే ఎక్కువ మార్కులని మా కాగితంలోనే ఉంది. ఆ మార్కుల కోసమే కంపెనీ తీసేసింది.

"కరెంటు మోటారైతే తీగలు పెరికి డైరెక్టుగా ఇస్తుంటిమి" అంది లక్ష్మీదేవమ్మ. "ఇది సోలారు. డబ్బా ఊ అనందే తిరగదు. పక్కోళ్ల బోరు ఎండిపాయ. ట్యాంకర్లు తోల్తే ఎన్ని చెట్లకని తోల్తాం? చెట్టు సస్తే ఇంగ నాటి కాపు జూసేకి ఐదారేండ్లు."

కంపెనీకి ఫోన్ చేయలేదా అని అడిగాను. నా గొంతులో కంపెనీ మీద కోపమే ఉంది అప్పటికి. నెల నుంచి చేస్తూనే ఉన్నారట. ఇట్లాగే అయిన వేరే తోటల్లో ఫోన్ చేసిన రోజే వాళ్లు అక్కడి నుంచే పెట్టె నేర్చుకున్న పాతదంతా చెరిపి మళ్లీ మొదలుపెట్టారని, నీళ్లు పారాయని బాషా చెప్పాడు. ఈ తోట దగ్గరికి వచ్చేసరికి ముట్టుకునేది లేదన్నారు.

"విజయవాడ నుంచి ఎవురో మేడం వచ్చి చూడాలంట. ఆయమ్మ చూసేదాకా డబ్బాలో ఏం మార్చగూడదంట, రూలంట. ఆయమ్మ ఎవురో, ఎప్పుడొస్తాదో. ఆయమ్మ కోసరం చెట్లు ఆగుతాయా?" అంది లక్ష్మీదేవమ్మ.

ఆ రూలు మాదే. నమూనాగా తీసుకున్న తోటల్లో మా మనిషి వచ్చి చూసేదాకా కంపెనీ ఏ మార్పూ చేయకూడదు. కంపెనీలు ముందే వచ్చి లెక్కలు దిద్దుకోకుండా పెట్టుకున్న రూలు. మంచి రూలే. ఇప్పటికీ చెడ్డదని అనలేను. కానీ నీళ్లు కాపాడుతుందా లేదా అని పరీక్షించడానికి మేము పెట్టిన పరీక్షే ఈ తోటకు నీళ్లు ఆపి కూర్చుంది! రాలిన పిందె మధ్య నేల మీదే కూర్చున్నాను. బాషా నాకు ఎండదెబ్బ తగిలిందనుకుని నీళ్ల సీసా ఇచ్చాడు.

"అమ్మా, ఆ మేడం నేనే" అన్నాను చివరికి.

బాషా నా వైపు తిరిగాడు. లక్ష్మీదేవమ్మ తిడుతుందనుకున్నాను, తిట్టినా పడాలనుకున్నాను. ఆమె తిట్టలేదు.

"అట్లయితే ఇంగ ఆలీసెం యాల?" అంది.

తోటలో నా ఫోనుకు సిగ్నల్ లేదు. రోడ్డు దాకా నడిచి, కల్వర్టు గోడ ఎక్కి మా పెద్దాయనకు ఫోన్ చేశాను. ఈ తోటను నమూనా నుంచి తప్పిస్తున్నానని చెప్పాను. ఆయన కంగారుపడ్డారు. అన్నిటికంటే మంచి లెక్కలు ఆ తోటవేనట. అది పోతే సగటంతా పడిపోతుందట, నెలాఖరు దాకా ఆగితే అన్నీ ఒకేసారి వదిలేద్దామన్నారు. నెలాఖరుకు ఇక్కడ వదలడానికి చెట్లు ఉండవండీ అన్నాను. మీరు ఉద్రేకంలో ఉన్నారు, గది తీసుకుని విశ్రాంతి తీసుకోండి అన్నారు. అవునండీ, ఉద్రేకంలోనే ఉన్నాను అని ఫోన్ పెట్టేశాను. వచ్చి చూసిన మనిషికి తోటను తప్పించే అధికారం ఉంది. ఫోనులోనే సంతకం పెట్టి కంపెనీకి పంపాను.

కంపెనీ ఇంజనీరు గంటలో మాట్లాడాడు. మర్యాదస్తుడు. చెరపడానికి వాళ్లకు పట్టేది కాసేపేనట, మా అనుమతి కోసమే ఇన్నాళ్లు ఆగామన్నాడు. ఆ మాట అననక్కర్లేదు, అన్నాడు. సూది మాత్రం ఈసారి నేలలోనే ఉండాలన్నాడు. బాషా వెళ్లి సూదిని మరో చెట్టు కింద గుచ్చి వచ్చాడు. ముగ్గురం పెట్టె ముందు నిలబడ్డాం. ఒంటిగంట కావస్తుండగా లోపల చిన్న దీపం రంగు మారి, బోరులో మోటారు మూలిగి అందుకుంది.

లక్ష్మీదేవమ్మ పరుగెత్తలేదు, దండాలు పెట్టలేదు. డ్రిప్పు పైపు వెంట ఒక్కో చెట్టు దగ్గర వంగి, నీటి బొట్టు పడుతోందా అని అరచెయ్యి పట్టి చూసుకుంటూ పోయింది. పడనిచోట పైపును పళ్లతో కొరికి మట్టి ఊదింది. చివరి వరస దగ్గర మాత్రం నిలబడిపోయింది. గోటితో ఒక కొమ్మను గీరి చూసింది. లోపల పచ్చదనం లేదు. పక్క చెట్టు గీరింది. అక్కడా లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను దగ్గరికి వెళ్లలేకపోయాను.

అన్నం తిని పొమ్మంది. అంతా అయ్యాక కూడా ఆ మాట అన్నది. తిన్నాను. ఈసారి బెట్టకు ఏం చేస్తావమ్మా అని అడిగితే, ఆమె నా కంచంలో ఇంకో ముద్ద సంగటి వేసింది.

పులివెందుల నుంచి నాలుగింటి బస్సుకు బయల్దేరి ఎర్రగుంట్ల చేరాం. బాషా ప్రొద్దుటూరు బస్సెక్కుతూ, కుండలకు ఇంక బెజ్జాలు కొట్టమంటారా వద్దంటారా అని అడిగాడు. నిజంగానే అడిగాడు. బెట్ట అంటే ఏమిటో పెట్టెకు నేర్పేదాకా వాళ్లు కుండ పెట్టకపోతే కాపు పోతుంది, పెడితే చెట్టు పోతుంది. రాసి పంపుతానని మాత్రం చెప్పాను.

బండి సమయానికే వచ్చింది. కూర్చోగానే లక్ష్మీదేవమ్మ ఫోన్. మోటారు సాయంత్రం దాకా ఆడిందట. చివరి వరస ఇంక రాదట. మిగతావి ఆకు కాస్త విప్పుకున్నట్టు కనబడుతోందట, పిందె నిలిచేదీ లేనిదీ కొన్నాళ్లయితే గానీ తెలియదంది.

నంద్యాల రాకముందే ఆఫీసు నుంచి మెసేజి వచ్చింది. లెక్కలు చూసే అమ్మాయి పంపింది, మంచి పిల్ల, పని మీద శ్రద్ధ. ఆ తోటను తప్పించినా ఇప్పటిదాకా ఉన్న లెక్కలు వాడుకోవచ్చని పెద్దాయన అన్నారట. వాటిలో ఒక్కచోట మాత్రం తప్పు కనిపిస్తోందట. ఇన్ని నెలల్లో ఎప్పుడూ లేనంత నీళ్లు ఈ ఒక్క రోజులో ఖర్చయినట్టు చూపిస్తోంది, యంత్రం పొరపాటు అయ్యుంటుంది, ఈ రోజుది తీసేయమంటారా మేడం అని అడిగింది.

ఈ రోజుది ఒక్కటి ఉంచు, మిగతావన్నీ తీసేయ్ అని రాసి పంపాను.